మా తాల్‌బగీచా జీపు

జీపు అన్నది ఒక కంపెనీ వాహనానికి పెట్టిన పేరని మన తెలుగువారికి సాధారణంగా తోచదు. కలెక్టరుగారి జీపు, పోలీసు జీపు, ఎన్నికల జీపు అంటూ ఆ మాటను మన భాషలోని మాటగానే వాడుకుంటున్నాము. 1982లో నందమూరి తారక రామారావుగారు ఊరూరా తిరిగిన చైతన్యరథం షెవర్లే వాహనమే అయినా, షెవర్లే అన్న పేరు పల్లెల నోటికి ఎక్కలేదు. అమెరికా నుంచి వచ్చిన మోటారు పేర్లలో మన ఇంటిపేరంత దగ్గరైనది జీపు ఒక్కటే.

మా విషయంలో ఆ దగ్గరితనం అక్షరాలా నిజం. మేము పుట్టి పెరిగినది ఖరగ్‌పూర్ పట్టణంలోని తాల్‌బగీచాలో. ఆ పేరుకు తాళ్ళతోట అని అర్థం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలోనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు తరలివెళ్ళాయి. మా తాతగారు అలా వెళ్ళినవారే. మా నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం వల్ల, 2013లో గోరఖ్‌పూర్ దానిని మించిపోయేవరకు, ఖరగ్‌పూర్ పేరు పాఠ్యపుస్తకాలలో ఉండేది. మాకు మాత్రం ఆ ఊరు అనగానే మా పెరటిలోని జీపే కళ్ళముందు నిలుస్తుంది.

ఆ జీపు అక్కడకు ఎలా చేరినదో తెలియాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి. 1940 వేసవిలో అమెరికా సైన్యం నాలుగు చక్రాలకూ శక్తి అందే తేలికపాటి బండి కావాలని 135 కంపెనీలను అడిగింది. నమూనా బండి 49 రోజులలో సిద్ధం కావాలన్నది షరతు. దానికి ముందుకు వచ్చినవి రెండే కంపెనీలు. వాటిలో పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు గీసిన నక్షాలతో, సెప్టెంబరు 23న బండిని అప్పగించింది. గడువు ముగియడానికి అప్పటికి అరగంట మాత్రమే మిగిలి ఉన్నదని చెబుతారు. అయితే పెద్ద కాంట్రాక్టు దక్కినది ఒహాయోలోని టొలీడో నగరపు విల్లీస్ కంపెనీకి. దాని ఇంజను 134 ఘనపుటంగుళాలది, శక్తి 60 అశ్వబలం. సైన్యం విధించిన బరువును మించకూడదని విల్లీస్ ఇంజనీర్లు బోల్టుల పొడవు సైతం తగ్గించారట. ఒక్క కంపెనీ ఉత్పత్తి చాలక, విల్లీస్ నక్షాల ప్రకారమే ఫోర్డు చేత కూడా బండ్లు చేయించారు. యుద్ధం ముగిసేసరికి విల్లీస్ 3,50,000కు పైగా, ఫోర్డు 2,75,000కు పైగా జీపులను తయారుచేశాయి. మొదటి బండిని చేసిన బాంటమ్‌కు మిగిలినది ట్రైలర్ల తయారీ. జీపును సృష్టించినది తామేనని విల్లీస్ ప్రకటించుకోరాదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1948లో ఆదేశించింది. అయినా 1950లో ఆ పేరు విల్లీస్‌కే ట్రేడ్‌మార్కుగా దక్కింది.

ఆ యుద్ధం మా ఊరిదాకా వచ్చింది. 1944లో అమెరికా వాయుసేన 20వ బాంబర్ కమాండు ఖరగ్‌పూర్‌ను కేంద్రం చేసుకుంది. సలువా, కలాయికుండా, దూధ్‌కుండీ, పియార్డోబా, చాకులియా రన్‌వేల మీద బి-29 విమానాలు దిగాయి. 1951లో మన దేశపు మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైన హిజ్లీ ప్రాంగణం తాల్‌బగీచాకు కూతవేటు దూరమే. ఆ హిజ్లీలోనూ అమెరికన్ అధికారులు మసలారు. 1945లో వారు వెళ్ళిపోయారు. యుద్ధానంతరం మిగిలిన సైనిక సామగ్రి దేశమంతటా ‘డిస్పోజల్’ పేర అమ్ముడుపోయింది. మా జీపు అటువంటి డిస్పోజల్ బండి. ఎన్నో చేతులు మారి, కదలలేని స్థితిలో ఒక కాంట్రాక్టరు ఆవరణలో పడివుండగా, 1973లో మా నాన్నగారు 1,800 రూపాయలకు కొన్నారు. అందుకు అమ్మ గాజులజత కుదువకు వెళ్ళింది. అది నడవడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. ఆ పధ్నాలుగు నెలలూ అమ్మ దానిని ‘ఇనపసామాను’ అనే పిలిచింది.

అది విల్లీస్ బండి అని అమ్మినవాడు చెప్పాడు. డాష్‌బోర్డు మీది పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. కనుక మేమూ విల్లీస్ అనే చెప్పుకుంటూ వచ్చాము.

యజమానులుగా మా అనుభవం మనవి చేస్తాము. ఆ బండికి స్టీరింగు ఎడమవైపు. మన రోడ్ల మీద ముందున్న లారీని దాటాలంటే నడిపేవారికి ఎదురుగా వచ్చేది కనపడదు. కుడివైపు కూర్చున్నవాడే కన్ను. ఆ సీటు మాది. “ఎదురేటైనా ఉందేటిరా?” అని నాన్నగారు అడిగేవారు, మేము తల బయటకు చాచి చూసి, “లేదు, పద నాన్నా” అనేవాళ్ళము. ఎనిమిదేళ్ళ పిల్లవాడి మాట మీద ఆయన బండిని కుడికి తిప్పేవారు. ఆనాటి ఆ నమ్మకం తరువాత మాకు ఏ ఉద్యోగ బాధ్యతలోనూ అంత బరువుగా తోచలేదు.

పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉండేది. దీపాలను వెనక్కు తిప్పి ఇంజను మీదకు వెలుగు పడేలా చేయవచ్చు. రాత్రివేళ రిపేరుకు వేరే దీపం అవసరం లేదు. ఇంజను ఆన్ చేయడానికి తాళంచెవి లేదు, మీట తిప్పితే చాలు. అందుకని బజారులో ఆపినప్పుడు నాన్నగారు డిస్ట్రిబ్యూటరులోని రోటారును తీసి జేబులో వేసుకునేవారు. బ్యాటరీ ఆరు వోల్టులది కావడం వల్ల దీపాల వెలుగు అంతంతమాత్రమే. వానకు తడుపు, ఎండకు ఎర్రదుమ్ము తప్పవు. లీటరుకు ఏడు కిలోమీటర్లు దాటేది కాదు. సుఖమనేది ఆ బండిని తయారుచేసినవారి ఆలోచనలోనే లేదు. ఆగిపోకూడదన్నది ఒక్కటే వారి ఆలోచన.

ఆ ఆలోచన విలువ 1978 సెప్టెంబరులో తెలిసింది. ఆ ఏడు పశ్చిమ బెంగాల్‌ను వరదలు ముంచెత్తాయి. ఒక రాత్రి పొరుగింటి బెంగాలీ బౌదికి నొప్పులు వచ్చాయి. రైల్వే ఆసుపత్రి దారిలోని పల్లంలో తొడలలోతు నీరు. రిక్షా వచ్చే మాట లేదు. నాన్నగారు నీటి అంచున బండి ఆపి, ఫ్యాను బెల్టును విప్పేశారు. ఫ్యాను తిరిగితే నీటిని ఎగజిమ్మి డిస్ట్రిబ్యూటరును తడుపుతుంది, ఇంజను ఆగుతుంది. బెల్టు లేకపోతే నీటి పంపూ డైనమో కూడా ఆగుతాయి కనుక, కొద్ది దూరానికే చేయదగిన పని అది. డిస్ట్రిబ్యూటరు మూత చుట్టూ గ్రీజు దట్టించి, ముందు చక్రాలను కలిపి, చిన్న గేరులో నడిచే మనిషి వేగంతో దాటించారు. మేము కుడివైపు కూర్చుని, నీటిలో మునిగిన గట్టు రాళ్ళను లెక్కపెడుతూ దారి చెప్పాము. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. మరునాటి నుంచి మా అమ్మ ఆ బండిని ‘ఇనపసామాను’ అనడం మానేసింది.

ఇక మా తప్పు సంగతి. 1990లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాము. గల్ఫ్ సంక్షోభంతో పెట్రోలు ధర పెరిగిన రోజులవి. 1992లో సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు, కాగితం మీద లెక్క వేసి, పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెడితే కిలోమీటరు ఖర్చు సగానికి తగ్గుతుందని తేల్చాము. ఎందరో అలా మార్పించుకుంటున్నారు. నాన్నగారు, “ఆ బండి ఆ ఇంజనుకి పుట్టిందిరా బాబూ” అని ఒక్కసారి అన్నారు. మేము టార్కు గురించి ఉపన్యాసం ఇచ్చాము. ఆయన వాదించలేదు. కొడుకు చదువు మీద ఆయనకున్న గౌరవాన్ని మేము మా గెలుపుగా పొరబడ్డాము.

ఒక వర్క్‌షాపులో మూడు రోజులలో పని పూర్తయింది. పాత ఇంజనును అక్కడే తుక్కు వ్యాపారికి అమ్మివేశాము. ఇంటికి వచ్చాక నాన్నగారు అడిగినది ఒకే ప్రశ్న: “తూకానికి అమ్మీసినావేటిరా?” అవునన్నాము. ఆయన మాట్లాడకుండా వర్క్‌షాపుకు నడిచివెళ్ళి, నేల మీద పడివున్న పాత బోల్టులను ఏరి, బిస్కెట్ల డబ్బాలో వేసుకుని వచ్చారు.

మా లెక్కలో అంకెలు తప్పు కాలేదు, కాని లెక్కలోకి తీసుకోనివి చాలా ఉన్నాయి. డీజిలు ఇంజను బరువుకు ముందు కమాన్‌పట్టీలు కుంగాయి. దాని అదురుకు ఇంజనును మోసే బ్రాకెట్టు రెండుసార్లు పగిలింది. తేలికపాటి ఇంజనుకు తగినట్లు చేసిన గేరుబాక్సులో పళ్ళు విరిగాయి. 1995 నాటికి బండి టార్పాలిన్ కిందకు చేరింది. నాన్నగారు ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఏటా విశ్వకర్మ పూజనాడు మాత్రం టార్పాలిన్ తొలగించి, కదలని ఆ బండికి కుంకుమ పెట్టి, మళ్ళీ కప్పేవారు. ఆ మౌనం కంటే ఆయన నాలుగు మాటలు అని ఉంటే మాకు తేలికగా ఉండేదేమో. 2009లో ఆయన కాలం చేశారు. ‘నాన్నగారూ, మీరన్నదే నిజం’ అన్న మాట మా నోటనే ఉండిపోయింది.

2016లో, పాత బండ్లను బాగుచేసే పెద్దమనిషి ఒకరు కోల్‌కతా నుంచి వచ్చారు. బండి ముందుకు వంగి, రేడియేటరు కింది అడ్డకమ్మీని తడిమి చూసి, “ఇది విల్లీస్ కాదండీ, ఫోర్డు” అన్నారు. విల్లీస్ బండికి ఆ కమ్మీ గుండ్రని గొట్టంలా ఉంటుందట. ఫోర్డు బండికి బోర్లించిన తొట్టిలా ఉంటుంది. బోల్టులు ఉన్నాయా అని ఆయన అడిగితే మాకు బిస్కెట్ల డబ్బా గుర్తుకు వచ్చింది. తుడిచి చూస్తే బోల్టుల తలల మీద వంకీలు తిరిగిన ‘ఎఫ్’ అక్షరం. ఒకే నక్షా ప్రకారం రెండు కంపెనీలూ చేస్తున్నందున, తమ సరుకును గుర్తించడానికి ఫోర్డు తన భాగాల మీద ఆ అక్షరాన్ని ముద్రించేదని ఆయన వివరించారు. మా చిన్నతనంలో నాన్నగారు ఆ అక్షరాన్ని చూపి, “ఎఫ్ అంటే ఫిట్టరు” అని నవ్వేవారు. ఆ అక్షరం అర్థం ఆయనకు తెలియదు. పట్టా ఉన్న మేము దానిని పట్టించుకోనే లేదు.

ఆ పెద్దమనిషి మంచి ధర చెప్పారు. “అసలు ఇంజను ఉంటే దీనికి రెట్టింపు ఇచ్చేవాడిని” అని కూడా అన్నారు. మేము అమ్మలేదు. ఆ తరహా ఇంజను కోసం మూడేళ్ళు వెదికాము. యుద్ధం తరువాత వచ్చిన సివిలియన్ జీపులలోనూ కొంతకాలం అదే ఇంజను వాడారు. మహీంద్రావారు 1940ల చివరి నుంచి బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించారు. అటువంటి ఒక బండి నుంచి విప్పిన ఇంజను 2019లో దొరికింది. పాత బ్రాకెట్ల రంధ్రాలలోకి నాన్నగారి డబ్బాలోని నాలుగు బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి. మిగిలిన ఏడు డబ్బాలోనే ఉన్నాయి.

ఆలోచిస్తే, జీపు అన్న పేరుదీ ఇదే కథ. విల్లీస్ నుంచి 1953లో కైజర్‌కు, 1970లో అమెరికన్ మోటార్స్‌కు, 1987లో క్రైస్లర్‌కు వెళ్ళింది. ఆ తరువాత డైమ్లర్, ఫియట్‌ల పొత్తులు చూసి 2021లో స్టెల్లాంటిస్‌కు చేరింది. 2017 నుంచి పుణె దగ్గర రంజన్‌గావ్‌లో జీపు కంపాస్ తయారవుతోంది. యజమానులు ఎందరు మారినా పాత జీపులు నడుస్తున్నాయంటే, విప్పిన బోల్టును పారవేయని చేతులు ఎక్కడో ఉన్నందువల్లనే.

మన సంస్థలోనూ యంత్రాలను మారుస్తూ ఉంటాము. మార్చక తప్పదు. ఆ ఫైలు మీద సంతకం పెట్టే ముందు ఇప్పుడు మేము చేసే పని ఒకటుంది. ఆ యంత్రం దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఫిట్టరును పిలిచి కూర్చోబెట్టి, “మీరేమంటారు?” అని అడుగుతాము. ఆయన ఒక్కసారే చెప్పి ఊరుకుంటే, రెండవసారి అడుగుతాము.

పోయిన విశ్వకర్మ పూజనాడు జీపును తాల్‌బగీచా బజారు దాకా తీశాము. కుడివైపు సీటులో మా అమ్మాయి కూర్చుంది. ముందు ఒక లారీ. “ఎదురేమైనా ఉందామ్మా?” అని అడిగాము. “లేదు, పద నాన్నా” అంది.