దేవుని చిత్తమనే ముందు



కొంతకాలం క్రిందట శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక సహోదరుని సమాధి కార్యక్రమం జరిపించాను. నలభై దాటిన మనిషి, కొబ్బరితోటల్లో కూలీ. సారా ముట్టినవాడు కాదు, షుగరు లేదు. మూత్రపిండములు రెండూ చెడి, డయాలసిస్‌కు తిరిగి తిరిగి అలసి ప్రభువునందు నిద్రించాడు. వాక్యము చెప్పి, "ఇది దేవుని చిత్తము" అని ముగించాను.

సాయంత్రం అతని భార్య నెమ్మదిగా అడిగింది: "అయ్యగారూ, మా మావ ఇలాగే పోయాడు, ఇప్పుడు నా పెనిమిటి. దేవుని చిత్తం మా ఉద్దానం మీదే ఉందా?"

నా నోట మాట రాలేదు.

ఆ రాత్రి నాకు నల్గొండ జ్ఞాపకమొచ్చింది. వేదాంతం చదివే రోజుల్లో మర్రిగూడ వైపు సువార్తకు వెళ్లినప్పుడు, నడుము వంగి, కాళ్లు వంకరపోయినవారిని చూశాను. అదీ దేవుని చిత్తమేనా? కాదు, బోరు నీటిలోని ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు. ఆ వ్యాధిని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించారు. కారణం తెలిసింది గనుక కృష్ణా నీరు తెచ్చే మార్గము దొరికింది.

ఉద్దానంలో కారణం నేటికీ తేలలేదు. తాగునీరు, మండుటెండలో దాహం ఓర్చుకొని చేసే పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, అన్నిటినీ అనుమానించారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, వంశధార నీటి పథకం ప్రారంభమయ్యాయి.

నొప్పి మాత్రలంటే గుర్తొచ్చింది. కూలికి వెళ్లి ఒళ్లు నొప్పులన్నవారికి నా సంచిలోని మాత్రలు ప్రేమతో పంచేవాడిని. అవి మితిమీరితే మూత్రపిండాలకు కీడని తరువాత తెలిసింది. ప్రభువు నన్ను క్షమించును గాక.

సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది ఇతరులకంటె ఎక్కువ అపరాధులు కారని ప్రభువు చెప్పారు (లూకా 13:4). ఒక ఊరిలో మరణము ఒకే దారిన వస్తుంటే, ఆ దారి ఏదో వెదకడం అవిశ్వాసము కాదు.

ఈ వ్యాధి కాళ్లు వాచేదాకా బయటపడదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్షతో ముందే తెలుస్తుంది. అందుకే ఒక ఆదివారం ఆరాధన తరువాత, పరీక్షకు రమ్మని సంఘమును బ్రతిమాలాను. చాలామంది తల వంచుకున్నారు. తెలిస్తే భయం.

మరునాడు ఆసుపత్రి దగ్గర నాకంటె ముందే ఒకరు వచ్చి కూర్చున్నారు. ఆ విధవరాలైన సహోదరి, పక్కన ఇరవై ఏళ్ల కొడుకు.

ప్రియ కుటుంబములారా, మీ ప్రాంతంలో మనుషులు దేనివలన పోతున్నారో అడగండి. ప్రార్థించండి, పరీక్ష చేయించుకోండి.