కువైట్‌లో చూడటానికేముందండీ!

"దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా ఉంది, మస్కట్‌లో కొండలూ కోటలూ ఉన్నాయి. కువైట్‌లో చూడటానికేముందండీ... ఎండా, ఇసుకా, పెట్రోలూ తప్ప!"

మనవాళ్ళు నలుగురు కలిసినచోట ఈ మాట వినపడకుండా ఉండదు. ఊరినుంచి చుట్టాలొస్తే ఒక మాల్ చూపించి, సముద్రం ఒడ్డున ఒక ఫొటో తీయించి, "అంతేనండీ మా కువైట్" అని చేతులు దులుపుకుంటాం.

ఆ మాటలో నిజమెంతో తేల్చుకుందామని, శ్రీమతీ పిల్లలూ ఊరెళ్ళిన ఒక వారాంతంలో, ఎండలు ఇంకా ముదరకముందే, ఒంటరిగా సిటీ మీద పడ్డాను. నాకు నేనే మూడు షరతులు పెట్టుకున్నాను. ఒకటి, కారు తీయకూడదు. రెండు, మాల్‌లో అడుగు పెట్టకూడదు. మూడోది అన్నిటికన్నా కష్టమైనది: రెండు రోజులూ ఇడ్లీ, దోశ, బిర్యానీ ముట్టకూడదు. ఈ ఊరివాళ్ళు తినేదే తినాలి!

మాలియాలో తిరునాళ్ళు

శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి మాలియాలో దిగాను. మిగతా రోజుల్లో అదొక బస్టాపు మాత్రమే. శుక్రవారం మాత్రం తిరునాళ్ళే! ఒక పక్క రాయచోటి, రాజంపేట యాస, ఇంకో పక్క రాజోలు, నర్సాపురం యాస. ఊళ్ళో వానలు పడ్డాయా, చీటీ ఎవరు పాడారు, దినార్ రేటు ఎంత, బంగారం ఎంత... అన్నీ అక్కడే తేలిపోతాయి.

చెట్టు నీడన కూర్చున్న ఒకామె నా చేతిలోని కెమెరా చూసి పలకరించింది. రాయచోటి దగ్గర పల్లె. ఒక ఇంట్లో పని చేస్తోందట.

"యాడికి పోతాండావన్నా, కెమెరా తీసుకోని?"

"ఊరు చూద్దామని బయల్దేరానమ్మా. టవర్లు కూడా ఎక్కుతాను."

"పదకొండేండ్లాయ నేనొచ్చి. ఆ టవర్లు కారులో పోతా అద్దంలోంచి చూసిందే. పైకెక్కినామని ఎవురూ చెప్పలా. పైనుంచి ఏం కనపడ్తాదన్నా?"

నేనింకా ఎక్కలేదుగా, ఏం చెప్పను! "చూసొచ్చి చెప్తానమ్మా" అన్నాను. ఆమె నవ్వేసి, "నాకు నెలకు రెండు జుమ్మాలే సెలవన్నా. వచ్చే జుమ్మాకి రాను, ఆ పై జుమ్మాకి ఈ చెట్టు కిందనే ఉంటా" అంది. ఆమె ఆ మాట సరదాకే అని ఉండవచ్చు. కానీ అప్పటినుంచి నేను చూసిన ప్రతిదీ ఎవరికో చెప్పాలన్నట్టుగానే చూశాను.

ముబారకియా రుచులు

మాలియానుంచి నడిచి ముబారకియా బజారుకి వెళ్ళాను. 1896 నుంచి 1915 వరకు పాలించిన షేక్ ముబారక్ పేరు మీద వెలసిన బజారు ఇది. మన బేగంబజారులాగా ఇదొక్క బజారు కాదు, బజార్ల గుంపు. ఖర్జూరాలకొక వీధి, బంగారానికొకటి, అరబ్బు పెద్దమనుషులు పండగలకి వేసుకునే బిష్త్ అంగీలకొకటి, ఆడవాళ్ళు కూర్చుని అమ్మే వీధి ఇంకొకటి. 1990 ఆక్రమణ కాలంలో దెబ్బతిని మళ్ళీ లేచింది. 2022 మార్చి 31న పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఒక భాగంలో చాలా దుకాణాలు కాలిపోయాయి. అయినా సాయంత్రమయ్యేసరికి సందడి సందడే!

ఖర్జూరాల వీధిలో కొనకముందే రుచి చూపిస్తారు. ఒక దుకాణంలో ఎనభై దాటిన కువైటీ పెద్దాయన నన్ను చూసి శుద్ధమైన బొంబాయి హిందీలో "ఆవో, బైఠో" అన్నాడు. చెవిలేని చిన్న గిన్నెలో యాలకుల కాఫీ పోశాడు. దాన్ని ఇక్కడ గహ్వా అంటారు. తాగిన కొద్దీ పోస్తూనే ఉంటారు, చాలనుకుంటే గిన్నెని అటూ ఇటూ కాస్త ఊపి ఇవ్వాలి. ఈ కిటుకు తెలియకపోతే రాత్రికి నిద్ర ఉండదు!

"మా నాన్న దుకాణంలో నా చిన్నప్పుడు దినార్లు లేవు, మీ రూపాయలే" అన్నాడు పెద్దాయన. నిజమే. 1961లో దినార్ వచ్చేదాకా కువైట్‌లో చెలామణి అయింది రూపాయే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాలకోసం వేరే నోట్లు కూడా అచ్చువేసింది. దినార్ వచ్చినప్పుడు 13 రూపాయల 33 పైసలకి ఒక దినార్ లెక్కన మార్చుకున్నారు. ఈనాటి రేటు తలచుకుంటే నిట్టూర్పు రాక మానదు! ఇక్కడి ముత్యాలు బొంబాయిలో అమ్ముడయ్యేవి. ఇక్కడి ఓడలకి కావలసిన టేకు మలబారు తీరంనుంచి వచ్చేది. మన మాటలు కూడా ఆ ఓడలెక్కే వచ్చాయి. కువైటీ అరబ్బీలో పంఖాని "బంకా" అంటారు, ఊరగాయని "అచార్" అంటారు, చెప్పుల్ని "జూతీ" అంటారు. మనం కువైట్ రావడం కొత్తేమో గానీ, కువైట్ మనదేశం రావడం పాత సంగతే.

ఇక తిండి సంగతి. బజారు మధ్యలో ఆరుబయట బల్లలు వేసి వడ్డించే హోటళ్ళున్నాయి. "మచ్‌బూస్" చెప్పాను. మాంసం ఉడికించిన నీళ్ళలోనే బియ్యం వండి, పైన ఉల్లిపాయ, కిస్‌మిస్, శనగపప్పు కలిపి వేయించిన "హషూ" చల్లుతారు. అసలు రుచి మాత్రం "లూమీ"ది. నిమ్మకాయల్ని ఎండబెట్టి, గట్టిగా అయ్యాక ముక్కలో వేస్తారు. పులుపూ, చిరుచేదూ, ఒక రకమైన పొగ వాసనా కలిసిన రుచి. మన నాలుకకి కారం చాలదు. పక్కన ఇచ్చే "దక్కూస్" టమాటా పచ్చడికి దగ్గర చుట్టం, అది కలుపుకుంటే ప్రాణం లేచివస్తుంది. తందూరులోంచి అప్పుడే తీసిన ఇరానీ రొట్టె మన పళ్ళెం అంత ఉంటుంది. దానితోపాటు ముల్లంగి, పచ్చి ఆకుకూరలు ఉచితం.

శాకాహారులు దిగులు పడనక్కరలేదు. "నకీ" అంటే ఉడికించిన శనగలు, "బాజిల్లా" అంటే ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు. వేడివేడిగా గిన్నెలో పోసి ఇస్తారు. పోపు లేని దసరా గుగ్గిళ్ళనుకోండి! చివర్లో కుంకుమపువ్వూ యాలకులూ వేసిన "గెర్స్ ఒగైలీ" కేకు, చిన్న గాజు గ్లాసులో పాలు లేని టీ. ఆ గ్లాసుని "ఇస్తికానా" అంటారు. పాలు లేని టీ నాకు ఇంతకాలం కషాయంలా అనిపించేది. కేకు తర్వాత తాగితే తెలిసింది దాని విలువ.

అక్కడే "హరీస్" కూడా చూశాను. గోధుమలూ మాంసమూ గంటలకొద్దీ ఉడికించి మెదిపిన వంటకం. ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే హైదరాబాద్ గుర్తొచ్చింది. రాకేం! నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చి బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులు తెచ్చిందే ఈ హరీస్. అదే మన మసాలాలు తగిలించుకుని, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్న హైదరాబాదీ హలీం అయింది. పుట్టింట్లో నెయ్యీ దాల్చినచెక్కతో సాదాగా ఉన్న పిల్ల, అత్తారింట్లో నగలు పెట్టుకున్నట్టన్నమాట.

పులసకి అరబ్బీ పేరు

శనివారం పొద్దున్నే షర్క్ చేపల బజారుకి వెళ్ళాను. పక్కనే చెక్క పడవల రేవు. ఇక్కడ మహారాజు "జుబైదీ", అంటే మన చందువ. కువైటీలకి దీనిమీద ఎంత ప్రేమంటే, ధర విని నేను రెండడుగులు వెనక్కి వేస్తే, నా వెనకాయన సంచి నింపుకుని వెళ్ళాడు.

ఒక మూల వెండిలా మెరుస్తున్న చేపని చూసి ఆగిపోయాను. పేరడిగితే "సబూర్" అన్నాడు అమ్మేవాడు. గోదావరి జిల్లాల పాఠకులు కాస్త కుర్చీ పట్టుకోండి... అది మన పులస జాతే! సముద్రంలో ఉన్నంతకాలం విలస, గోదారి ఎర్రనీళ్ళకి ఎదురీదితే పులస. అదే జాతి చేప ఇక్కడ గల్ఫ్ ఉత్తరపు కొసన, టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసి పారే షత్తల్ అరబ్‌లోకి ఎదురీది గుడ్లు పెడుతుంది. పుస్తెలమ్ముకునైనా తినాలని మనం అనుకునే చేపకి ఇక్కడ జుబైదీ పక్కన కూర్చునే యోగం కూడా లేదు. ముళ్ళు రెండుచోట్లా ఒకటే!

మధ్యాహ్నం "ముతబ్బక్" తిన్నాను. మసాలా అన్నం మీద వేయించిన జుబైదీ, పైన వేగిన ఉల్లిపాయలు. ముల్లు తక్కువ, మెత్తన ఎక్కువ. షరతు నెరవేరినందుకు కాదు గానీ, ఆ పూట బిర్యానీ గుర్తుకు రాలేదు.

గోడలేని గేట్లు

సీఫ్ ప్యాలెస్ దాటి సముద్రం ఒడ్డునే నడిస్తే "సదూ హౌస్" వస్తుంది. ఎడారి సంచార జాతుల ఆడవాళ్ళు గొర్రె ఉన్ని, మేక వెంట్రుకలు, ఒంటె వెంట్రుకలు వడికి గుడారాలు నేసే కళ ఇది. మనది గుంట మగ్గం, వీళ్ళది నేలమీద పరిచే మగ్గం. గుడారం ఎత్తేసినప్పుడు మగ్గాన్ని కూడా చుట్టి ఒంటెమీద వేసుకోవాలి కదా! ఈ నేతని 2020లో యునెస్కో కువైట్, సౌదీ అరేబియాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. పక్కనే ఉన్న జాతీయ మ్యూజియాన్ని 1990-91 ఆక్రమణలో దోచి, తగలబెట్టారు. సదూ హౌస్‌లోని ఒక్కొక్క గుడ్డముక్కని జాగ్రత్తగా వేలాడదీసిన తీరు చూస్తే, ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళ జాగ్రత్త అది అనిపించింది.

పాత ఊరి చుట్టూ 1920లో మట్టిగోడ కట్టారు. చమురు డబ్బు వచ్చాక ఊరు పెరిగి, 1957లో దాన్ని కూల్చేసి గేట్లు మాత్రం ఉంచారు. జహ్రా గేటు ఇప్పటికీ ట్రాఫిక్ సర్కిల్ మధ్యలో నిలబడి ఉంది, చుట్టూ గోడ లేకుండా! హైదరాబాద్ పాతనగరం గోడకి 13 దర్వాజాలుంటే దబీర్‌పురా, పురానాపూల్ మాత్రమే మిగిలాయి. గేట్ల విషయంలో కువైటీలు మనకన్నా నయం.

పైనుంచి కనపడేది

సాయంత్రం కువైట్ టవర్లు. 1979లో తెరిచారు. పెద్ద టవర్ ఎత్తు 187 మీటర్లు. నీలం, ఆకుపచ్చ, బూడిదరంగు ఛాయల్లో వేలాది ఉక్కు బిళ్ళలు తాపడం చేసిన గోళాలు ఎండలో చేప పొలుసుల్లా మెరుస్తాయి. 1990 ఆక్రమణలో దెబ్బతిన్నాయి, బాగుచేసి మళ్ళీ తెరిచారు.

చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఇవి ముందుగా అందం కోసం కట్టినవి కావు. ఇవి నీళ్ళ ట్యాంకులు! పెద్ద టవర్ కింది గోళం సగంలోనూ, రెండో టవర్ గోళంలోనూ నీళ్ళే. కువైట్‌కి నది లేదు. 1950లలో సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే కర్మాగారం వచ్చేదాకా, షత్తల్ అరబ్ నుంచి పడవల్లో నీళ్ళు తెచ్చుకుని తోలుసంచులతో ఇంటింటికీ అమ్ముకునేవారు. అలాంటి ఊరు తన గుర్తుగా రాజు విగ్రహమో, విజయ స్తంభమో కాకుండా నీళ్ళ ట్యాంకుని నిలబెట్టుకుంది. బిందె నీళ్ళకోసం ట్యాంకర్ వెంట పరుగెత్తిన సీమవాళ్ళకి ఈ సంగతి వేరే విడమరిచి చెప్పాలా?

123 మీటర్ల ఎత్తున గోళం మెల్లగా తిరుగుతుంది. అరగంటకి ఒక చుట్టు. ఒక పక్క సముద్రం, ఒక పక్క షర్క్ రేవు, ఇంకో పక్క లిబరేషన్ టవర్, మధ్యలో ముబారకియా. దూరంగా వేల ఇళ్ళ డాబాలు. చీకటి పడ్డాక ఒక్కొక్క వంటింట్లో దీపం వెలిగింది. ఆ దీపాల్లో ఎన్నింటి కింద మన రాయచోటి, రాజోలు ఆడబిడ్డలు రాత్రి వంట చేస్తున్నారో అనిపించింది. పైనుంచి ఏం కనపడుతుందని అడిగిన ప్రశ్నకి జవాబు అదే.

చెప్పిన జుమ్మాకి మాలియా వెళ్ళాను. ఆమె ఉంది, పక్కన మరో ముగ్గురున్నారు. కెమెరాలో ఫొటోలన్నీ చూపించి, నీళ్ళ ట్యాంకుల కథ చెప్పాను. "మనకు మాదిరే ఈళ్ళూ నీళ్ళకు కటకటలాడినోళ్ళేనా!" అని నోరు నొక్కుకుంది. తర్వాత, "ఫొటో ఫొటోనేలే అన్నా" అంది.

ఆ మాటకోసమే ఈ వ్యాసం రాశాను. మన సంఘం ఏటా పిక్నిక్‌కి బస్సులు వేస్తుంది. ఈసారి ఒక శుక్రవారం ఒక బస్సుని మాలియా మీదుగా తిప్పి, సెలవు దొరికిన వాళ్ళని టవర్ల పైకి తీసుకెళితే ఎలా ఉంటుంది? టికెట్లు మనం నలుగురం పంచుకుంటే పెద్ద భారమేమీ కాదు. వాళ్ళకి దొరికేది కొన్ని గంటల సెలవే కాబట్టి మధ్యాహ్నం బయల్దేరి, చీకటి పడకముందే తిరిగి దింపాలి. దారిలో ముబారకియాలో టీ, గెర్స్ ఒగైలీ నా తరఫున!

కార్యవర్గం వారు ఆలోచించగలరు. మిగతా పాఠకులు మాత్రం ఆలోచించకుండా వచ్చే శనివారమే బస్సెక్కండి. దక్కూస్ కాస్త ఎక్కువ అడగడం మరిచిపోకండి.