నీళ్లు చూడాలె అన్నది మా ఇంటామె

పోయిన నవంబరులో నేను, మా ఇంటామె కలిసి వియత్నాం దేశం పోయి వచ్చినం. హనోయ్ పట్నం చూసి, హలాంగ్ బే అనే చోట దీవుల నడుమ ఒక రాత్రి ఓడ మీద పడుకొని వచ్చినం. వచ్చినప్పటి నుంచి గల్లీలో కనబడ్డవాళ్లందరూ ఒకటే అడుగుతున్నరు. ఎంతయింది? ఏం తిన్నరు? భయం కాలేదా? ఒక్కొక్కరికి చెప్పే బదులు మన పత్రికకు రాస్తే నలుగురికీ పనికొస్తదని కోడలు అన్నది. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

మాది సోలాపూర్. తాతల నాడు కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పనికి వచ్చినం. నేను మిల్లులో చేసిన, అది మూతపడ్డాక సాంచాల మీద చద్దర్లు, టవళ్లు నేసిన. ఇంటామె నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఆమెకు పీఎఫ్ సొమ్ము చేతికొచ్చినప్పుడు ఇంటి పైకప్పు బాగు చేయిద్దామని నేనన్న, మనవని చదువుకు దాచుదామని కొడుకు అన్నడు. ఆమె చాట పక్కకు పెట్టి, "నలభై ఏండ్లు గోడకు ఒరిగి కూసున్న. ఒక్కసారి సముద్రం, దీవులు చూడాలె. ఇది నా చేతుల కష్టం" అన్నది. ఎవ్వరం ఎదురు చెప్పలేదు. తక్కువ పడ్డది కొడుకు వేసిండు. ఇద్దరికి అన్నీ కలిపి రెండు లక్షల చిల్లర అయింది.

కాగితాలు

మన ఇళ్లల్లో ఒక్క మనిషికి నాలుగు పేర్లుంటయి. ఇంటామె ఆధార్‌లో మరాఠీ పద్ధతిలో పేరు, మొగుని పేరు, ఇంటిపేరు అని ఉన్నది. పాన్ కార్డులో ఇంటిపేరు ముందుకొచ్చింది. ఒకదాంట్లో పేరు చివర 'అవ్వ', ఇంకోదాంట్లో 'బాయి'. అన్నీ ఒక్క తీరుగా చేయించేసరికి రెండు నెలలు పట్టింది. అందుకే టూరుకు డబ్బు కట్టకముందే ఈ పని చేసుకోండి.

పదో తరగతి కానివాళ్ల పాస్‌పోర్టు మీద 'ఈసీఆర్' అని వేస్తరు, విమానం ఎక్కనియ్యరు అని చౌకులో ఒకాయన భయపెట్టిండు. అది నిజం కాదు. ఆ మాట కొన్ని దేశాలకు పనికి పోయేవాళ్ల కోసం పెట్టింది. ఊరు చూడటానికి పోయేవాళ్లకు అడ్డం రాదు. పైగా 50 ఏళ్లు దాటినవాళ్లకు ఆ ముద్ర అక్కర లేదు. 60 దాటినవాళ్లకు కొత్త పాస్‌పోర్టు రుసుములో నూటికి పది తగ్గిస్తరు. మాకు 1,500 బదులు 1,350 పడ్డది.

అసలు గండం వేలిముద్రల దగ్గర వచ్చింది. బీడీ ఆకు మడిచి మడిచి ఇంటామె వేళ్లు అరిగిపోయినయి. యంత్రం మీద పెడితే ఏమీ పడట్లే. వెనక లైను నిలబడ్డది. ఆమె మొహం చిన్నబోయింది. "నన్ను ఇడిసిపెట్టండి, ఆయన్నే పంపండి" అన్నది. కౌంటరు మీది పిల్ల ఓపికమంతురాలు. తడిబట్టతో తుడిపించి, మళ్లీ మళ్లీ పెట్టించి, అయిదోసారికి తీసుకున్నది. మన బీడీ అక్కచెల్లెళ్లు పోయే ముందు వారం రోజులు పని ఆపి, చేతులకు కొబ్బరినూనె రాసుకోండి. పోయిన రోజు మాత్రం సబ్బుతో కడుక్కొని పోవాలె.

వీసా ఇంట్లో కూసొనే ఫోన్లో అడగొచ్చు. దాన్ని ఈ-వీసా అంటరు. ఒక్కసారి పోయి వచ్చేదానికి 25 డాలర్లు. పాస్‌పోర్టులో అక్షరం ఎట్లుంటే దీంట్లో అట్లనే ఉండాలె. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలు గడువుండాలె. కాగితం మీద రెండు నకళ్లు తీసి, ఒకటి సంచిలో, ఒకటి జేబులో పెట్టుకున్నం.

డబ్బు

టూరు వాళ్లను మూడు మాటలు అడగండి. కట్టిన దాంట్లో ఏమేం ఉన్నయి? ఏ పూట భోజనం మనది? గాలివాన వచ్చి ఓడ ఆపితే ఆ డబ్బు తిరిగి ఇస్తరా? మూడోది ఎందుకంటే, వాతావరణం బాగలేకపోతే అక్కడి రేవు అధికారులు ఓడలను కదలనియ్యరు. 2025 జులైలో ఆ నీళ్లలోనే పర్యాటకుల పడవ ఒకటి గాలివానకు బోల్తాపడి ముప్పై మందికి పైగా చనిపోయిండ్రు. ఆ వార్త చూసి బిడ్డ ఫోన్ చేసి ఏడ్చింది. వాన కాలం పోయినాక నవంబరు పెట్టుకున్నది అందుకే. అడిగిన వాటికి జవాబు నోటితో ఒప్పుకోకుండా కాగితం మీద రాయించుకున్నం.

బిల్లులో టీసీఎస్ అని కొంత పన్ను పట్టుకుంటరు. దాని కాగితం దాచుకొని ఐటీ రిటర్న్ వేస్తే, మనకు పన్ను పడనప్పుడు తిరిగొస్తది.

అక్కడి డబ్బు పేరు డాంగ్. మన 350 రూపాయలు ఇస్తే దాదాపు లక్ష డాంగులు వస్తయి. చేతిలో లక్షలు చూసి ఇంటామె నవ్వింది. కానీ జాగ్రత్త. ఇరవై వేల నోటు, అయిదు లక్షల నోటు రెండూ నీలం రంగే. మేము పెద్ద నోట్లను వేరే రుమాలులో కట్టుకున్నం.

మూట

బీపీ, షుగర్ మందులు రోజులకు సరిపోను, ఇంకో నాలుగు రోజులకు ఎక్కువ తీసుకొని చేతి సంచిలోనే పెట్టినం. పెద్ద పెట్టె తప్పిపోయినా మందు మన దగ్గర ఉంటది. డాక్టరు చీటీ తోడు. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర ముందు. దాన్ని బట్టి మాత్రల వేళ మార్చుకున్నం. ఇన్సూరెన్స్ కాగితంలో పాత జబ్బులు దాచకుండా రాయించినం.

పచ్చడి సీసా పెద్ద పెట్టెలో వేయాలె, చేతి సంచిలో అయితే తీసి పారేస్తరు. ఫోన్ పవర్ బ్యాంకు దానికి తిరకాసు, చేతి సంచిలోనే ఉండాలె. మా సోలాపూర్ కడక్ జొన్నరొట్టె, శేంగా చట్నీ వారం రోజులున్నా చెడిపోవు. ఉదయం చప్పిడి తిండి ముందు అవే మమ్మల్ని కాపాడినయి. అక్కడ కూరలో చేపల రసం వేస్తరు. మాంసం తిననివాళ్లు టూరు వాళ్లకు ముందే చెప్పాలె.

నేను చేసిన తప్పు

టూరు ఫారంలో 'ఆరోగ్య సమస్యలు' అని ఒక గడి ఉంటది. బీపీ, షుగర్ రాయించిన. చెవి సంగతి రాయించలేదు. సాంచాల మోతల నలభై ఏళ్లు నిలబడ్డవాళ్లకు తెలుసు. నా ఎడమ చెవి మొత్తం పోయింది, కుడిది సగం. చెవిటివాడంటే తీసుకపోరేమో అని కొడుకుతో 'లేదు' అని రాయించిన.

హనోయ్‌లో పాతబస్తీ ఉన్నది. గైడు ముందు, మేము ఇరవై మందిమి వెనక. హాంగ్ గాయ్ అని ఒక వీధి, అంతా పట్టు దుకాణాలే. ఒక చోట బట్ట చూసి కాళ్లు ఆగినయి. అంచు పట్టుకొని ఎన్ని పోగులు వేసిండ్రో చూస్తున్న. గైడు పిలిచిండట, నాకు వినబడలే. తలెత్తి చూస్తే మనవాళ్లు ఒక్కరు లేరు. రోడ్డు నిండ మోటారు సైకిళ్లు. భాష రాదు. ఫోన్ ఇంటామె సంచిలో ఉన్నది. సాంచా కింద నాడె ఎగిరి వచ్చినా భయపడనోన్ని, ఆ వీధిలో కాళ్లు వణికినయి.

జేబులో హోటలు చిట్టీ ఉన్నది. వాళ్ల భాషలో పేరు, అడ్రసు. కొడుకు బలవంతంగా పెట్టిచ్చిన చిట్టీ అది. దుకాణపు ముసలామెకు చూపిస్తే స్టూలు వేసి కూసోమన్నది. పావుగంటకు ఇంటామె వచ్చింది. "గైడు గుడి దిక్కు ఎతుకుతున్నడు. బట్ట కాడ ఉంటడని నేన్జెప్పిన" అన్నది. ఆమె కళ్లు ఎర్రగున్నయి. ఆ రాత్రి గైడును పిలిచి చెవి సంగతి చెప్పిన. అతను కోపం చేయలే. "ముందే చెప్తే మీ పక్కనే నడుస్తుంటి కదా బాబాయ్" అన్నడు.

ఓడ మీద

హనోయ్ నుంచి రెండున్నర, మూడు గంటల దారి. పెద్ద పెట్టెలు హోటల్లోనే పెట్టి, ఒక్క రాత్రికి సరిపోను చిన్న సంచి తీసుకపోయినం. ఓడ ఎక్కే ముందు పాస్‌పోర్టులు చూస్తరు. చిన్న పడవ మీద పోయి పెద్ద ఓడ ఎక్కాలె. అడుగు పెట్టేటప్పుడు రబ్బరు చెప్పులుంటే జారదు.

ఎక్కంగనే మైకులో జాగ్రత్తలు చెప్పిండ్రు. లైఫ్ జాకెట్ ఎక్కడుంటది, సైరన్ మోగితే ఎటు పోవాలె అని. నాకు ఒక్క ముక్క వినబడలే. అప్పుడు గైడు నా ముందుకొచ్చి చేతులతో చూపించిండు. ఇక్కడ జాకెట్, ఇట్ల కట్టు, ఇటు నడువు. మిల్లులో మేము మాట్లాడుకునే పద్ధతే అది. మోతలో నోటిమాట నడవదు కాబట్టి చేతులతోనే అన్నీ చెప్పుకునేటోళ్లం. సైరన్ వినబడకపోతే ఎవరు లేపాలె అంటే, ఇంటామె తన మీద వేసుకున్నది. గదిలో జాకెట్లు తీసి, ఇద్దరం ఒకసారి కట్టుకొని చూసినం. ఆ రోజు ముప్పై మంది మాట నా మనసులో ఉన్నది.

ఇక నీళ్ల సంగతి. హలాంగ్ అంటే దిగివచ్చిన డ్రాగన్ అని అర్థమట. సున్నపురాయి గుట్టలు నీళ్లలో నుంచి నిట్టనిలువుగా లేచి ఉంటయి. అట్లాంటివి దాదాపు 1,600. 1994లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వంలో చేర్చిండ్రు. గుట్టలు గాలిని ఆపుతయి గనుక మేము పోయినప్పుడు నీళ్లు చెరువు తీరుగ ఉన్నయి, కడుపులో తిప్పలే. సుంగ్ సాట్ గుహ మెట్లు నిలబడుకుంట, నిలబడుకుంట ఎక్కినం. టిటాప్ దీవి మీద నాలుగు వందల పైన మెట్లు. పత్తి దుమ్ము తిన్న ఊపిరితిత్తులు నావి, ఆమెవి మోకాళ్ల నొప్పులు. మేము ఎక్కలేదు. కింద ఇసుకలో కూసున్నం. 1962లో హో చి మిన్ ఒక రష్యా వ్యోమగామిని అక్కడికి తీసుకొచ్చి, ఆయన పేరే ఆ దీవికి పెట్టిండట. ఎక్కనందుకు ఎవరూ చిన్నచూపు చూడలేదు.

రాత్రి భోజనం అయినంక డెక్కు మీద కూసున్నం. చలి ఉన్నది, స్వెటర్ పనికొచ్చింది. చుట్టూ గుట్టలు నల్లగ, దూరంగ వేరే ఓడల దీపాలు. ఇంటామె కటకటాల మీద చేతులు పెట్టి చాలాసేపు నీళ్లనే చూసింది. వేళ్లు ఊరికెనే ఆకు మడిచినట్టు కదులుతున్నయి. ఏం చూస్తున్నవని చేతితో అడిగిన. ఏం లేదని చేతితోనే చెప్పింది. ఇంకో గంట అట్లనే కూసున్నం.

పైకప్పు వచ్చే ఎండాకాలం చూద్దాం. పోవాలని మనసున్నవాళ్లు కాగితాల సంగతి అడగాలంటే సాయంత్రం మార్కండేయ గుడి కాడ ఉంటా. కుడి దిక్కు నిలబడి, కొంచెం గట్టిగా అడగండి.