అరువు తెలివి

జమ్మలమడుగు వైపు జాకార్డు మగ్గం ఉన్న ఇంట్లోకి తొంగిచూస్తే, మగ్గం నెత్తిన అట్టల దండ కనిపిస్తుంది. అట్ట నిండా చిల్లులు. చిల్లున్న చోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉండిపోతుంది. చీర అంచు మీద నెమలి పుట్టేది అలాగే!

ఫ్రాన్సులోని లియాన్‌లో జోసెఫ్ మేరీ జాకార్డ్ 1804లో తయారుచేసిన సాధనమిది. కానీ చిల్లుల ఆలోచన ఆయనది కాదు. 1725లోనే అదే ఊళ్లో బసీల్ బూషాన్ చిల్లుల కాగితంతో మగ్గం నడిపాడు. ఆయన తండ్రి ఆర్గన్ వాద్యాలు చేసేవాడు. తనంతట తానే మోగే వాద్యంలో ఏ స్వరం ఎప్పుడు పలకాలో ముందే గుర్తులు పెడతారు. కొడుకు ఆ కిటుకునే నేతకు తెచ్చాడంటారు. అంటే, పాట వచ్చి పట్టుచీరలో దూరిందన్నమాట!

అక్కడితో ఆగిందా? చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఈ అట్టలనే ఎంచుకున్నాడు. 1890 అమెరికా జనగణనను హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతోనే లెక్కగట్టాడు. ఆ దారిలో వచ్చిన కంప్యూటర్ మీద ఇప్పుడు చీరల డిజైన్లు గీస్తున్నారు. మగ్గం ఇచ్చిన అప్పు వడ్డీతో సహా తిరిగొచ్చింది.

ప్రొద్దుటూరు బంగారు బజారుదీ ఇదే వరస. గీటురాయి పక్కకు ఎక్స్‌రే యంత్రం వచ్చింది. గనుల్లో, లోహాల ఫ్యాక్టరీల్లో ఏ లోహం ఎంతుందో తేల్చే విద్యే నగ కరగకుండా మచ్చు చెబుతోంది.

పులివెందుల రైతుకు ఈ అరువు మరీ అవసరం. అరటి, చీనీ తోటలకు బోరే దిక్కయినచోట నీళ్లు కాలువ కట్టి పారించడం ఎవరి తరం? ఇజ్రాయెల్ నీటి ఇంజినీరు సించా బ్లాస్, చెట్ల వరుసలో ఒక్కటే ఏపుగా పెరగడం 1930లలో గమనించాడు. దాని పక్కన పైపు కారుతోంది! ఆలోచన తట్టినా, చవక గొట్టాలు లేక పని సాగలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ పరిశ్రమ వాటిని అందించాకే, 1965లో నెటాఫిమ్ సంస్థ పుట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మసేద్యం పథకం మొదలై, సబ్సిడీ తోడయ్యాక డ్రిప్ మన తోటల్లో పాకింది.

తెచ్చుకోవడం తేలికే, నిలుపుకోవడమే కష్టం. బోరునీటి ఉప్పులు డ్రిప్పర్ల మూతులు పూడ్చేస్తాయి. గొట్టం బాగానే కనిపిస్తుంది, చెట్టు మాత్రం వాడిపోతుంది. దీనికి విరుగుడూ అరువుదే. ఫ్యాక్టరీ బాయిలర్ల గార వదిలించే యాసిడ్‌ను బాగా పలచన చేసి గొట్టాల్లోకి పంపాలి. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. ఆ తర్వాత గొట్టాల చివర బిరడాలు తీసి, తేటనీరు వచ్చేదాకా వదలాలి.