లాగడం వేరు, మోయడం వేరు

బియ్యం బస్తాని గుమ్మం దాకా ఈడ్చుకురావడం ఒక ఎత్తు. దాన్నే భుజాన వేసుకుని మేడమెట్లు ఎక్కడం ఇంకో ఎత్తు. ఈడ్చగలిగిన వాళ్ళందరూ మోయలేరు. ఈ సంగతి ఇల్లు నడిపే ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసిన నాకు, అంత ఖరీదైన బండి కొనే విషయంలో అక్కరకొచ్చింది ఈ చిన్న తెలివే.

వంటల పేజీల మధ్య ఈ ట్రక్కుల గొడవేమిటి అనుకుంటున్నారా? మేముండేది టెక్సాస్‌లో. ఇక్కడ ఇంటికో పికప్ ట్రక్కు మామూలే. మావారికీ, మా అబ్బాయికీ మట్టిదారుల్లో నడిపే బైకుల పిచ్చి పట్టుకుంది. వేసవి సెలవుల్లో ఆ బైకులతో సహా కొలరాడో కొండలకి వెళ్ళాలని ఇద్దరి ముచ్చట. దానికోసం టాయ్ హాలర్ అనే ట్రెయిలరు చూసొచ్చారు.

అది చక్రాలమీది ఇల్లు. ముందు పడకగది, మధ్యలో వంటిల్లు, వెనక బైకులకి గ్యారేజి. వెనకగోడ కిందికి వాలితే అదే బల్లలా మారి బైకులు లోపలికెక్కుతాయి. మావారు చూసింది ఫిఫ్త్ వీల్ రకం. అంటే ట్రెయిలరు ముందుభాగం ట్రక్కు వెనక కొక్కేనికి కాకుండా, ట్రక్కు తొట్టెలోనే, వెనక ఇరుసు మీదుగా కూర్చుంటుంది. గుర్రబ్బగ్గీల కాలంలో బండి మలుపు తిరగడానికి ముందు ఇరుసుమీద ఒక చక్రాన్ని పడుకోబెట్టి అమర్చేవారు. అయిదో చక్రం అన్న పేరు అక్కణ్ణించే వచ్చింది.

"మన ట్రక్కు ఎనిమిది వేల కిలోలు లాగుతుంది. ఈ ట్రెయిలరు నిండా సామానేసినా 7,250 కిలోలే. అవలీలగా లాగేస్తుందన్నాడు షాపువాడు" అని మావారు ఎంతో సంబరంగా చెప్పారు.

"లాగుతుంది సరేనండీ, మోస్తుందా?" అన్నాను.

ఆయన నావంక వింతగా చూశారు. నేను అడిగింది వేళాకోళానికి కాదు. ముందుభాగం ట్రక్కు తొట్టెలో కూర్చుంటున్నప్పుడు, ఆ బరువంతా ట్రక్కే కదా మొయ్యాలి!

మా పుట్టింట్లో ధాన్యం బస్తాలు బండికెత్తేటప్పుడు నాన్నగారు పక్కన నిలబడి సర్దించేవారు. ముందు బరువెక్కువైతే కాడి ఎద్దుల మెడ నొక్కేస్తుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. బండి ఎంత బరువు మోస్తోందన్నది ఒక లెక్క, ఎద్దు మెడమీద ఎంత పడుతోందన్నది ఇంకో లెక్క. ట్రక్కయినా అంతే.

ఇక్కడ బండి మొత్తం బరువు 10,000 పౌన్లు, అంటే 4,536 కిలోలు దాటకూడని వాటికి డ్రైవరు తలుపు దగ్గర ఒక చీటీ అంటించి ఉండాలని చట్టముంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకుమించి ఎక్కించకూడదు అని దానిమీద ఉంటుంది. దీన్నే పేలోడ్ అంటారు. కంపెనీ పుస్తకంలో వేసే అంకె ఆ రకం బండ్లన్నిటికీ పైమాట. తలుపు చీటీమీది అంకె మన బండికే చెందింది. డీజిల్ ఇంజనూ, తోలు సీట్లూ, పైకప్పు అద్దమూ అన్నీ ఉన్న బండికి సొంత బరువు ఎక్కువ కాబట్టి మోసే శక్తి ఆ మేరకి తగ్గుతుంది. షోకులు పెరిగినకొద్దీ మోత తగ్గుతుందన్నమాట.

మా బండి చీటీ చూస్తే 975 కిలోలు అని ఉంది.

కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. ముందు మనుషులు. మావారు 84, అబ్బాయి 70, అమ్మాయి 45, నేను 66. "నన్ను కూడా తూకం వేస్తావుటే?" అని నవ్వుతూనే మా అత్తగారు మిషనెక్కారు, 58. మొత్తం 323. పనిముట్ల పెట్టె, పక్క మెట్లు, తొట్టె మూత వగైరా మేం పెట్టించుకున్నవి 60. ట్రెయిలరుని పట్టుకునే ఇనుప హిచ్చి 80. ఇవన్నీ పోగా ట్రెయిలరు ముందుభాగానికి మిగిలింది 512 కిలోలు.

మరి ఆ ముందుభాగం ఎంత? ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్లకి మొత్తం బరువులో నూటికి 15 నుంచి 25 వంతులు ఆ పిన్నుమీద పడుతుంది. నూటికి 20 అని లెక్కేస్తే 7,250కి 1,450 కిలోలు. కాగితాల్లో ఖాళీ ట్రెయిలరుకి రాసిన పిన్ను బరువే 1,130. అంటే మేం ఒక్కరం కూడా ఎక్కకముందే, డ్రైవరు సీటు ఖాళీగా ఉండగానే ట్రక్కు హద్దు దాటిపోతుంది.

"వెనక గ్యారేజిలో బైకులు ఎక్కిస్తే ముందు తేలికవుతుందన్నాడు షాపువాడు" అన్నారు మావారు. నిజమే, ఎంత తేలికవుతుందో చూడాలి కదా. ఉన్నవి రెండు, కొనబోయేది ఒకటి. మూడూ కలిపి 330 కిలోలు. అవి ట్రెయిలరు ఇరుసులకి రెండు మీటర్ల వెనక ఉంటే, పిన్ను ఏడున్నర మీటర్ల ముందుంది. 330ని రెండుతో హెచ్చవేసి ఏడున్నరతో భాగిస్తే 88. అంతే తగ్గేది. పైగా బైకులు లేకుండా వెళ్ళిన రోజున ఆ తగ్గుదలా ఉండదు. బైకులెక్కించినప్పుడు ముందుభాగం మరీ తేలిపోకూడదనే టాయ్ హాలర్లకి ముందు బరువు ఎక్కువ వచ్చేలా కడతారు. ముందు మరీ తేలికైతే ట్రెయిలరు తోకలా ఊగుతుంది, అదీ ప్రమాదమే.

"ట్రక్కుకి వెనక గాలి బుడగలు పెట్టిస్తే చాలుట" అన్నాడు మా అబ్బాయి. ఆ బుడగలు కుంగిన వెనకభాగాన్ని పైకెత్తుతాయి, చూడ్డానికి బండి సమంగా ఉంటుంది. తలుపు చీటీమీది అంకె మాత్రం మారదు. టైర్లు అవే, ఇరుసు అదే.

అప్పుడు మావారు ఒక మాటన్నారు. "పోనీ, నువ్వూ అమ్మా అమ్మాయీ కారులో వెనకాల వచ్చేయండి. మూడు బరువులు తగ్గుతాయి."

ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నాకిదొక లెక్కే. బరువు తగ్గించాలంటే ఆయనకి ముందుగా తోచింది బైకులు కాదు, మేం ముగ్గురం. నేను అరవలేదు. మా ముగ్గురి బరువూ 169 కిలోలని రాసి, కాగితం ఆయన ముందుకి జరిపాను. మేం దిగిపోయినా మిగిలేది 681. కావలసింది 1,450. ఆయన ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు. రెండ్రోజులు ఇంట్లో ఆ ప్రసక్తే లేదు.

మూడోరోజు ఆయనే అందర్నీ ట్రక్కెక్కించి, పెద్ద లారీలు ఆగేచోట ఉన్న కాటా దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడి కాటాకి మూడు పలకలుంటాయి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలరు ఉంటే దాని ఇరుసులు, దేనికది విడిగా తూస్తుంది. మేం అయిదుగురం, డీజిలు నిండుగా, చీటీ వచ్చింది: 3,940 కిలోల పైచిలుకు. 4,536లోంచి తీసేస్తే 600 కూడా లేదు. హిచ్చి పోతే మిగిలేది 510. నా పెన్సిలు లెక్కా, కాటా లెక్కా ఒక్కటే.

కొలరాడో దారిలో రేటన్ కనుమ అని ఉంది, 7,834 అడుగుల ఎత్తు. ఎక్కేటప్పుడు ఇంజను లాగేస్తుంది. దిగేటప్పుడే ఉంది తంటా. వెనక బరువెక్కువైతే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు, బ్రేకులు కాగిపోతాయి, వెనక టైర్లు వేడెక్కి పేలచ్చు. షాపువాడు ఆ ఘాట్‌లో మా పక్కన ఉండడు కదా.

దారులు రెండే. వెనక నాలుగు చక్రాల పెద్ద ట్రక్కు కొంటే సుమారు 2,500 కిలోలు మోస్తుంది. 1,450, మా 463 కలిపినా 1,913. హాయిగా సరిపోతుంది, కానీ రోజూ ఆఫీసుకి అంత బండి, దానిమీద మరో అప్పు. రెండోది, ట్రెయిలరే చిన్నది చూసుకోవడం. మేం రెండోదే ఎంచుకున్నాం. ట్రక్కు వెనక కొక్కేనికి తగిలించే చిన్న టాయ్ హాలరు, నిండా సామానుతో 3,300 కిలోలు. ఈ రకానికి ముందు బరువు నూటికి 10 నుంచి 15. ఎక్కువే అనుకుని 15 వేసినా 495. మేం అయిదుగురం, మా సామాను, 45 కిలోల హిచ్చి పోను 547 ఉంది. మూడో బైకు కొనడం మానుకున్నారు. మా అబ్బాయి వారం రోజులు మొహం మాడ్చుకున్నాడు. మా అత్తగారికి మాత్రం కిటికీ పక్క సీటు ఖాయమైంది.

మీ తమ్ముడో, అల్లుడో ఇక్కడ ఇలాంటి బండి కొంటానంటే ఈ నాలుగు ముక్కలూ చెప్పండి. కొనకముందే తలుపు తెరిచి చీటీ చూడమనండి. ఖాళీ బరువుతో కాదు, నిండు బరువుతో లెక్క కట్టమనండి. నీళ్ళు లీటరుకి కిలో, 100 గ్యాలన్ల ట్యాంకంటే 378 కిలోలు. సామాను తూచడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషను చాలు. ముందు ఒట్టి చేతులతో, తర్వాత గ్రైండరో బియ్యం సంచో ఎత్తుకుని నిలబడి, రెండో అంకెలోంచి మొదటిది తీసేయడమే. మనుషుల్ని మాత్రం లెక్కలో మొట్టమొదట రాయమనండి. బరువు ఎక్కువైతే కొట్టేయవలసిన వరస అది కాదు.