గోతం

మా ఇంట్లో పిల్లి ఉందంటే ఊర్లో ఎవరూ పట్టించుకోరు. జూజువాడిలో పిల్లి లేని వీధి యాడుంది? ఆ పిల్లిని బెంగళూరు దాకా పోయి, కాగితాల మీద సంతకాలు పెట్టి తెచ్చుకున్నామంటేనే నవ్వుతారు. "మన దొడ్లో దొరకని పిల్లినా బావా?" అని మా వియ్యంకుడు అడిగినాడు. ఆ పొద్దు నేను బదులు చెప్పలేదు. చెప్పాలంటే 1968వ సంవత్సరానికి పోవాల.

అప్పుడు నాకు పదేండ్లు. సేలం జిల్లాలో ఉండిన మా హోసూరు తాలూకాను ధర్మపురి జిల్లాలో చేర్చి మూడేండ్లయింది. కృష్ణగిరి జిల్లా అన్న మాట పుట్టింది 2004లో. అప్పటికి మా పక్క సిప్కాట్ లేదు, కార్ఖానాల సైరన్లు లేవు. రాగి చేలు, అనప చేలు, బెంగళూరుకు పోయే రహదారి. ఆ రహదారి పట్టుకుని కొంత దూరం నడిస్తే అత్తిబెలె. అంటే మైసూరు రాష్ట్రం. దానికి కర్ణాటక అని పేరు పెట్టింది 1973లో.

మా ఇంట్లో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. ఎవరూ తేలేదు, అదే వచ్చింది. రాగులు పోసిన గదిలో ఎలుకలు పట్టుకుంటా బతికేది. ఒకనాడు పెరుగుచట్టి పగిలింది. పిల్లే పగలగొట్టిందని తేల్చినారు. నాయన దాన్ని గోతంలో వేసి, మూతి బిగించి, నా నెత్తిన పెట్టినాడు. "అత్తిబెలె దాటి వదిలిపెట్టి రారా. ఎల్ల దాటితే మళ్ళ రాదు" అన్నాడు. మనుషులు గీసుకున్న ఎల్ల పిల్లికి కూడా తెలుస్తుందని ఆయన నమ్మకం.

పిల్లి ఏడిండ్లు తిరుగుతుందంటారు. ఇది ఎన్ని ఇండ్లు తిరిగిందో గానీ మరుసటి పొద్దు తెల్లారేసరికి మా గడపలో ఉంది. ముందరి కాలు కుంటుతా ఉంది. ఎవరినీ చూడకుండా నేరుగా అటక ఎక్కింది. వెనకాలే ఎక్కి చూసినాను. పాత చాటల వెనక మూడు పిల్లలు. అప్పుడే కండ్లు తెరిచినవి.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాయన ఆగేవాడే. ఆయన కోపిష్టి గానీ కసాయి కాడు. అయితే పిల్లి సంగతి మళ్ళ తవ్వితే పెరుగుచట్టి సంగతీ తవ్వుతారు. ఉట్టి మీద నుంచి చట్టిని దించి, పెరుగు తిని, మూత పెట్టకుండా కింద వదిలిపెట్టింది నేనే. ఆ సాయంత్రం గోతం మూతి కట్టింది నేను. కూరగాయల లారీలోకి అందించిందీ నేనే.

అటక మీది పిల్లలు రెండు రాత్రులు అరిచినాయి. అప్పుడు గానీ అమ్మకు తెలియలేదు. ఆమె వత్తితో పాలు తాగించాలని చూసింది. మూడో రాత్రి ఇల్లు సద్దు లేకుండా ఉండింది.

జంతువుల మీద క్రూరత్వాన్ని అడ్డుకునే చట్టం మన దేశంలో 1960లోనే వచ్చింది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో 1950లలో పెట్టిన బిల్లు ఆ చట్టానికి బీజం. ఆకలిదప్పులతో అల్లాడేలాగ జంతువును వదిలివేయడం దాని ప్రకారం నేరం. నేను గోతం మోసిన నాటికి ఆ చట్టానికి ఎనిమిదేండ్లు. దాని సంగతి మా ఊర్లో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే నేను నోరు విప్పేవాడినా అంటే, ఆ మాటా నమ్మకంగా చెప్పలేను.

కార్ఖానా పని చాలించి ఇంట్లో కూర్చున్నాక మనవరాలు పిల్లి కావాలని పట్టు పట్టింది. అంగట్లో అమ్మే బొచ్చుపిల్లి దాని కోరిక. కొనేది వద్దు, ఎవరూ లేని పిల్లిని తెచ్చుకుందామన్నాను. బెంగళూరులో అట్లాంటి జీవాలను కాపాడే పని పాతదే. 1991లో క్రిస్టల్ రోజర్స్ అనే ఇంగ్లీషు ఆవిడ, ఎనభై దాటిన వయసులో, అక్కడ క్యూపా అనే సంస్థను మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకా ఎందరో ఆ దారిలో నడిచినారు. మేము పోయింది అట్లాంటి ఒక చిన్న ఆశ్రమానికి.

వచ్చినవాళ్ళందరూ చిన్న కూనల బోను దగ్గరే నిలబడి ఉన్నారు. మూలలో నలుపూ పసుపూ కలిసిన ఆడపిల్లి ఒకటి గోడకు తిరుక్కుని కూర్చుని ఉంది. దానికి మూడేండ్లట. పెంచినవాళ్ళు ఇల్లు మారినప్పుడు దాన్ని లోపలే పెట్టి తాళం వేసిపోయినారట. నేను ఇంక దేన్నీ చూడలేదు.

పెండ్లిచూపుల్లో కూడా అన్ని ప్రశ్నలు అడగరు. ఇంట్లో అందరికీ ఇష్టమేనా, కిటికీలకు జాలీ ఉందా, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఊరికి పోతే ఎవరు చూస్తారు అని అడిగినారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినట్టు, కుక్కకాటు జబ్బుకు టీకా వేసినట్టు చీటీ ఇచ్చినారు. కనీసం నెలనాళ్ళు వాకిలి దాటనియ్యొద్దని గట్టిగా చెప్పినారు. పిల్లికి చోటు మీద మమకారం, కొత్త ఇంటిని తన ఇల్లనుకునే దాకా పాత చోటు వెతుక్కుంటా పోతుందని, దారిలో బండ్ల కింద పడుతుందని అన్నారు. నాకు ఆ కుంటికాలు గుర్తుకొచ్చింది.

బుట్టలో పెట్టి తీసుకొస్తుంటే చందాపురం దాకా అరుస్తానే ఉంది. అత్తిబెలెలో సద్దు చేయలేదు. ఒకప్పుడు ఏడో నంబరు, ఇప్పుడు 44వ నంబరు అంటున్నారు గానీ, రహదారి అదే.

ఇంట్లో చిన్న గది దానికిచ్చినాము. ఒక మూల ఇసుక తట్ట, ఇంకో మూల తిండీ నీళ్ళూ. పక్కపక్కన పెడితే పిల్లి ముట్టదు. దాక్కునేదానికి ఒక అట్టపెట్టె. అది ఇవేవీ చూడకుండా మంచం కిందికి దూరి గోడకు అంటుకుపోయింది. పగలంతా అక్కడే. రాత్రి మేము పండుకున్నాక వచ్చి తిని పోయేది.

మా ఆడమనిషి జాలిపడి గిన్నెడు పాలు పెట్టింది. మరుసటి పొద్దు గదంతా కడుక్కోవాల్సి వచ్చింది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవని అప్పుడు తెలిసింది. పాలు తాగే ఈడులో ఉండే అరుగుదల తర్వాత తగ్గిపోతుందట. పెరుగన్నంతో సాకుదామన్నా కుదరదు. పిల్లి మాంసం తినే పుట్టుక. మాంసంలో దొరికే టారిన్ అనే సరుకు లేకుంటే దానికి కండ్లు, గుండె చెడిపోతాయి. ముల్లు తీసిన చేప, ఉడికిన కోడిమాంసం, దాంతో పాటు పిల్లుల తిండి కొంత పెడుతున్నాము. ఒంట్లో బాగలేదని మనం మింగే పారాసిటమాల్ చిన్న ముక్క ఇచ్చినా పిల్లి ప్రాణానికే ముప్పు. ఇది ప్రతి ఇంట్లో తెలియాల్సిన సంగతి.

గదిలో కూర్చుని మెల్లగా ఏదన్నా చదవండి, గొంతు అలవాటవుతుందని ఆశ్రమంలో చెప్పినారు. "తాతా, అది కన్నడం పిల్లి కదా, దానికి తెలుగు వస్తుందా?" అని మనవరాలు అడిగింది. "నీకు వచ్చినంత వస్తుందిలే" అన్నాను. మనవరాలికి బడిలో తమిళం, ఇంగ్లీషు. 2006 చట్టం తర్వాత మా పక్క పిల్లలు తెలుగు అక్షరానికి దూరమైన కథ చదువరులకు చెప్పనక్కరలేదు. నేను పాత చందమామలు తీసి చదవడం మొదలుపెట్టినాను. పిల్లి కోసం చదివితే ముందుగా దగ్గరికి జరిగింది మనవరాలు. "ఇది ఏమి అక్షరం?" అని వేలు పెట్టి అడగడం మొదలుపెట్టింది.

ఎనిమిదోనాడు రాత్రి మనవరాలు నిద్రపోయినాక నేను పుస్తకం తీయలేదు. మంచం కింద మెరిసే రెండు కండ్లకు పెరుగుచట్టి కథ చెప్పినాను. అంతా చెప్పినాను. అది కదల్లేదు. ఎందుకు కదులుతుంది? తలెత్తి చూస్తే గడపలో మా ఆడమనిషి నిలబడి ఉంది.

"నలభై ఏండ్లకు పైన కాపురం చేస్తిమి. ఇది నాకు చెప్పలేదే" అనింది.

నేనేమీ మాట్లాడలేదు. చిన్నతనంలో తెలియక చేసినారులే అంటుందేమో అనుకున్నాను. ఆమె ఆ మాట అనలేదు. కొంచేపు ఉండి, "ఆ పిల్లలు ఏ రంగువి?" అని అడిగింది.

"రెండు బూడిదవి. ఒకటి నల్లది, మూతి తెలుపు."

"ఊ" అని పోయి పండుకునింది. అన్నేండ్ల తర్వాత అవి మూడూ ఇంకొకరికి కూడా తెలిసినవైనాయి.

పిల్లి బయటికొచ్చింది మరుసటి రోజు. నా కథ విని కాదు, చేప వాసనకు. తిని, మూతి తుడుచుకుని, పోతా పోతా నా మోకాలికి చెంప రాసింది. ఆ చెంపల దగ్గర దాని వాసన ఉంటుందట. రాసినదాన్ని తనదిగా గుర్తు పెట్టుకుంటుందట.

నెల దాటినాక ఒక సాయంత్రం వీధి వాకిలి తెరిచినాము. నా గుండె దడదడ కొట్టుకునింది. పిల్లి గడప మీద కూర్చుని, రహదారి దిక్కు చెవులు తిప్పి, గాలిని మూచూసి, చాలాసేపు ఉండింది. పిలవాలని నోటిదాకా వచ్చింది, పిలవలేదు. చీకటి పడినాక అదే లేచి లోపలికొచ్చింది.

బెంగళూరులో కొన్న మెత్తటి పరుపు దానికి నచ్చలేదు. రోటి పక్కన మడిచిపెట్టిన పాత గోతం మీద చుట్టుకుని పండుకుంటుంది. రాగులు పోసేదానికి ఆ గోతం కావాల్సి వచ్చింది. తీయబోతే మా ఆడమనిషి చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు దాన్ని ముట్టుకోవద్దు" అనింది.

రాగులు వేరే గోతంలో పోసినాము. మా వియ్యంకుడు ఈ పత్రిక చదువుతాడు. ఆయన అడిగినదానికి బదులు ఇది.