చల్దిమూట

యాత్రయనగానే మనకు కాశీయో రామేశ్వరమో తలపునకు వచ్చును. వానికి ధనము కావలెను, సెలవులు కావలెను, ఇంటికి కావలి కావలెను. ఈ మూడును ఒక్కమారు కూడివచ్చునాటికి మోకాళ్ళు సహకరింపవు. మేమిందు వ్రాయబూనినది అట్టి యాత్రలను గూర్చి కాదు. ప్రొద్దున బయలుదేరి దీపములు పెట్టువేళకు ఇల్లు చేరదగిన చిన్న ప్రయాణములను గూర్చియు, వానివెంట మూటగట్టుకొని పోదగిన వంటలను గూర్చియు వ్రాయుచున్నాము.

మా కాట్రేనికోన కోనసీమ కొసన, సముద్రమునకు చేరువగా నున్నది. ఇచట కొండలు లేవు, కోటలు లేవు. గౌతమికిని వసిష్ఠకును నడుమ సముద్రము వరకు వ్యాపించిన ముక్కోణపు నేల యిది; కాలువలు, కొబ్బరితోటలు, వరిచేలు. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో ఈ తోటలు చాలవరకు నేలకొరిగినవి. అటుపిమ్మట నాటిన చెట్లే నేడు కాపు కాచుచున్నవి. చూడదగినదేమియు లేదని చుట్టపుచూపుగా వచ్చినవారు తలంచిన తలంపవచ్చును. ఇచటివారికి మాత్రము ప్రతి దిక్కునను ఒక సరదా కలదు.

సాయంకాలము పని ముగిసిన పిమ్మట బయలుదేరిన మురమళ్ళ వీరేశ్వరస్వామివారి కల్యాణము చూడవచ్చును. అన్నిచోట్ల ఏటికొకమారు జరుగు దేవుని పెండ్లి అచట నిత్యమును రాత్రివేళ జరుగును. యానాము పోదలచిన గౌతమిని దాటవలెను. అది 1954వ సంవత్సరము వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన పట్టణము. 2002వ సంవత్సరమున వారధి తెరచువరకు ఎదుర్లంక రేవున పంటు నెక్కియే దాటెడివారము. బాల్యమున తల్లిగారి చేయి పట్టుకొని పంటుపై నిలిచిన దినములు మాకు బాగుగ జ్ఞాపకమున్నవి. సైకిళ్ళు, మేకలు, అరటిగెలలు, క్రొత్త పెండ్లికూతుళ్ళు, అందరును ఒక్క చెక్కపై! ఒకరి మూటలోని వేయించిన సెనగలు పదిమంది చేతులలోనికి పోయెడివి. ఇప్పుడు ఆటో అయిదునిమిషములలో ఆవలియొడ్డు చేర్చును. పంటు పోయెనని కొందరు నిట్టూర్చుచుందురు. మేము నిట్టూర్చుట లేదు. నడిరేయి నొప్పులు వచ్చిన బిడ్డను కాకినాడకు గొనిపోయిన తల్లి నడిగిన వారధి విలువ చెప్పును.

అంబాజీపేట పోవుట యనిన మా పిల్లలకు పొట్టిక్కలు. పనసాకులను నాలిగింటిని ఈనెపుల్లలతో గిన్నెవలె కుట్టి, అందు ఇడ్డెనల పిండి పోసి, ఆవిరిపై ఉడికింతురు. ఆకు వాసన పిండిలోనికి దిగును. వేడిగా ఉన్నంతవరకే ఆ వాసన. కావున దానిని ఊరికి పంపలేము, పెట్టెలో దాచలేము, అచటికి పోయి తినవలసినదే. పూతరేకులట్లు కాదు, అవి సముద్రములు సైతము దాటుచున్నవి. ఆత్రేయపురపు పూతరేకులకు 2023వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. బోర్లించిన కుండ క్రింద ఎండు కొబ్బరియాకుల మంటబెట్టి, పలుచని బియ్యపు పాలలో ముంచిన గుడ్డను కుండపై నొక్కమారు ఈడ్చినంత రేకు తేలును. ఆ సెగముందు కూర్చుండువారు స్త్రీలే. రేకు ఎంత పలుచగనున్నదో చెప్పువారే గాని, ఆ సెగ ఎంత వేడిగనున్నదో చెప్పువారు తక్కువ.

ఇచట పులసను గూర్చియు ఒకమాట చెప్పవలయును. మా యింట చేప వండరు గాని, వరదనీరు ఎఱ్ఱబడిన దినములలో ఊరంతయు ఆ మాటయే. సముద్రము నుండి ఏటికి ఎదురీది వచ్చిన ఆ చేపకొరకు పుస్తెలమ్మియైనను తినవలెనని సామెత. పుస్తెలెవరివి? పులుసు పెట్టువారెవరు? ముందు కంచములో ముక్కలు పడునది ఎవరికి? ఈ సామెతను కట్టినవారు ఆడువారు కారని మా నిశ్చయము.

ఈ ప్రశ్న పులసతో తీరునది కాదు. మా తండ్రిగారు ఇంటనే మాకు భాగవతము చెప్పిరి. దశమస్కంధమున గోపబాలకులు కొలనియొడ్డున చుట్టును కూర్చుండి చల్దులు గుడుచు ఘట్టము చెప్పునప్పుడు ఆయన కన్నుల నీరు తిరిగెడిది. పెరుగన్నపు ముద్ద చేతనుంచుకొని, వ్రేళ్ళసందుల ఊరుగాయలు ఇరికించుకొని తినుచున్న కృష్ణుని చూచి మేమును ఆనందించితిమి. పెండ్లియై వంటయిల్లు చేతికివచ్చిన పిమ్మట అదే ఘట్టము చదువగా వేరొక ఆలోచన పుట్టినది. ఆ చల్దులు కట్టినవారేరి? ఊరుగాయ ఊరవేసినవారేరి? వారెవ్వరును కొలనియొడ్డున లేరు. అదే స్కంధమున మఱికొంత ముందునకు పోయిన, యజ్ఞము చేయు విప్రుల భార్యలు తమవారు వలదన్నను అన్నముతో ఇల్లు వెడలి కృష్ణునికడకు పోయిరి. వంటతోపాటు వండినవారును గడప దాటిన కథ యది. దానిని పురాణశ్రవణములలో విపులముగా చెప్పగా మేము వినుట అరుదు.

మా సీమలో అన్నముపేరు చెప్పిన చేతులెత్తి మ్రొక్కబడు స్త్రీ డొక్కా సీతమ్మగారు. ఆమె 1841వ సంవత్సరమున జన్మించి 1909వ సంవత్సరమున కన్నుమూసిరి. లంకల గన్నవరమున వేళకాని వేళ గోదావరి దాటి వచ్చిన బాటసారికైనను ఆమె యింట అన్నము దొరకెడిది. అచటి అక్విడక్టు నేడు ఆమె పేరనే యున్నది. 2024వ సంవత్సరమున రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలోని మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరే పెట్టిరి. బడిపంతులైన మా వారు దినదినము ఆ పేరుగల చిట్టా వ్రాయుచుందురు. ఆమెను గూర్చి జనులు చెప్పుకొను కథ యొకటి కలదు. ఆమెకు అంతర్వేది నరసింహస్వామిని సేవింపవలెనని చిరకాలపు కోరిక. ఒకనాడు పల్లకీలో బయలుదేరి కొంతదూరము పోగా, ఎదురుగా వచ్చుచున్న బాటసారులు, ఆకలితో అలమటించు తమ పిల్లలను "ఇంక కొంచెముసేపే, సీతమ్మగారి యిల్లు చేరిన అన్నము దొరకును" అని ఓదార్చుచుండుట ఆమె చెవిబడినది. ఆమె పల్లకీని వెనుకకు మరలించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి పొయ్యి రాజవేసెనట.

ఇంతటి త్యాగమును గూర్చి వేలెత్తి చూపుటకు మేమెవ్వరము? కాని ఈ కథ మా యిండ్లలో చెప్పబడు తీరు మాకు సమ్మతము కాదు. మహాత్మురాలు ఒక్కమారు తన యిచ్ఛతో మరలివచ్చెను; దానిని జూపి, సామాన్యురాండ్రు ఎన్నడును బయలుదేరనే కూడదని చెప్పుచున్నట్లున్నది.

మా అత్తగారిది ముక్కామల. కనుమనాడు జగ్గన్నతోటకు తరలు ఏకాదశ రుద్రుల ప్రభలలో ఆ యూరి ప్రభయు నొకటి. ఆమె బాల్యమంతయు ఆ ప్రభవెంట పరుగెత్తుటలోనే గడచినది. పందొమ్మిదవయేట కాట్రేనికోనకు కోడలై వచ్చిరి. అది మొదలు నలుబది యేండ్లు ఆమె జగ్గన్నతోట చూడలేదు. తోట సముద్రముల కావల లేదు. ముమ్మిడివరము, అమలాపురము, అంబాజీపేట దాటిన అదే. అడ్డు వచ్చినవి దూరము గాని బీదతనము గాని కావు, గారెలు. కనుమనాడు మినుము తినవలెను గదా! ఆడుబిడ్డలు, అల్లుండ్రు, మనుమలు పంక్తులుగా కూర్చుండగా, మూకుడు ముందు ఆమె.

2023వ సంవత్సరము సంక్రాంతికి ముందు మేము ప్రయాణపుమాట ఎత్తితిమి. అత్తగారు వెంటనే "అమ్మాయీ! కనుమనాడు కాకియైనను కదలదని పెద్దలందురు. నేనెట్లు కదలుదును?" అనిరి.

"అత్తయ్యగారూ! కాకి కదలదేమో గాని, పదునొకండుగురు రుద్రులును ఆనాడే గదా ఇల్లు కదలి తోటకు పోవుదురు?" అంటిమి. ఆమె నవ్విరి. కాని అది పైపై అడ్డంకి. అసలుది తరువాత వచ్చినది: "గారెలెవరు వేయుదురు?"

దీనికి మాటలతో బదులు చెప్పిన లాభము లేదు. భోగినాటి సాయంకాలమే రమ్మని మా ఆడుబిడ్డకు ఫోను చేసితిమి. సంక్రాంతి రాత్రి పప్పు రుబ్బి పెట్టితిమి. కనుమనాడు మూకుడు ముందు మా వారును, ఆడుబిడ్డ పెనిమిటియు కూర్చుండుటకు ఒడంబడిక జరిగినది. ఇరువురును చదువుకొన్నవారే గావున నూనె కాగినదో లేదో తెలిసికొనగలరని మేము ధైర్యము చెప్పుకొంటిమి. మామగారు ఏమియు అనలేదు. మా యింట అది అనుమతి క్రింద లెక్క.

మూటలో ఏమి కట్టితిమో చెప్పుట సోదరీమణులకు ఉపయోగకరము. పులిహోర తెల్లవారుజామున కలిపితిమి. పండుగకు చేసిన పోకుండలును జంతికలును ఉండనేయున్నవి. ముఖ్యమైనది దిబ్బరొట్టె. మినపపప్పు ఒక పాలు, బియ్యపురవ్వ రెండు పాళ్ళు. పప్పు గట్టిగా రుబ్బి రవ్వ కలిపి, దళసరి మూకుడులో నూనెపోసి, మందముగా పరచి, మూతబెట్టి సన్నని సెగపై కాల్చవలెను. త్వరపడిన పైన మాడి లోపల పచ్చిగా నుండును. చక్కగా కాలిన రొట్టె ఆనాటికంతకును చెడదు. దానికి జోడు మాగాయ. కొబ్బరిపచ్చడి ఎంత రుచియైనను ప్రయాణమునకు తేకూడదు, మధ్యాహ్నమునకే పులిసిపోవును.

అత్తగారు, ఆడుబిడ్డ, మేము, మా అమ్మాయి, నలువురమును ఆటోలో బయలుదేరితిమి. తోటకు చాల ఇవతలనే బండ్లు ఆగిపోయినవి. అత్తగారికి మోకాళ్ళనొప్పి, గట్లవెంబడి నాలుగడుగులు వేసి నిలుచుచు, మరల నడచుచు పోతిమి. జగ్గన్నతోటలో గుడి లేదు, గోపురము లేదు. కొబ్బరిచెట్ల నడుమ ఖాళీ నేల. ఆ యొక్కదినము పదునొకండూళ్ళ దేవుళ్ళు అచట కలిసికొందురు. వెదుళ్ళతో కట్టి రంగురంగుల వస్త్రములు చుట్టిన ప్రభలను జనులు భుజములపై మోసికొని వత్తురు. వ్యాఘ్రేశ్వరపు ప్రభ వచ్చినప్పుడు తక్కినవానిని ఒక్కమారు పైకెత్తి మర్యాద చేయుదురు. గంగలకుఱ్ఱు అగ్రహారపు ప్రభ కౌశికను దాటి రావలెను. నీటిలో దిగి, ప్రభను తడియనీయక, మోయువారు మాత్రము నిలువునా తడిసి యొడ్డెక్కు దృశ్యము చూచుటకే అనేకులు వత్తురు. దారిలో నాటిన చేలు త్రొక్కబడును. రైతులు దానిని నష్టముగా నెంచరు.

ముక్కామల ప్రభ కానవచ్చినప్పుడు అత్తగారు ఏడ్తురని మా యాడుబిడ్డ చేతిగుడ్డ సిద్ధముగా నుంచుకొన్నది. ఆమె ఏడువలేదు. చేయి కంటికి అడ్డముపెట్టి చాలసేపు చూచి, "మా కాలమున ఇన్ని రంగులు లేవు, ఎత్తు మాత్రము ఇంతయే" అనిరి. తరువాత జీళ్ళు అమ్ము బండి ఎచటనున్నదని అడిగిరి. జీళ్ళు కొని కొంగున ముడివేసికొనిరి.

మధ్యాహ్నము చెట్టునీడను మూట విప్పితిమి. అలవాటుచొప్పున అత్తగారు ఆకులు పరచి వడ్డింపబోగా, మా అమ్మాయి ఆమె చేతిలోని గరిటె లాగికొని, "ముందు నీకు, మామ్మా!" అని మొదటి రొట్టెముక్కను ఆమె యాకులో వేసినది. ఆమె తటపటాయించిరి. పిల్లలకు పెట్టకముందు తాను తిని ఎఱుగరు. మేమెవ్వరమును ఆకు ముట్టకుండుట చూచి ఒక ముక్క త్రుంచి నోటబెట్టుకొనిరి. నలుబది యేండ్ల కాపురములో ఆమె తొలిముద్ద తినగా మేము చూచుట అదియే ప్రథమము. మాగాయ ఇంకొంచెము తేవలసినదనిరి.

రాత్రి ఇల్లు చేరునప్పటికి మా వాకిట దీపము వెలుగుచున్నది. గారెలకు చిల్లులు లేవు, కొన్ని నల్లబడినవి. మా వారి ముంజేతిపై నూనెచుక్క పడి బొబ్బ లేచినది, దానిని ఆయన పదిమందికి చూపుచుండిరి. అత్తగారు రెండు గారెలు తిని "ఉప్పు సరిపోయినది" అనిరి. ఆమెనోట మేమీ మాట వినుటకు కాపురమునకు వచ్చిన పిమ్మట మూడేండ్లు పట్టినది.

పదిదినములు గడచిన పిదప, జనవరి 26వ తేదీన ఢిల్లీలో జరిగిన గణతంత్రోత్సవమున మన రాష్ట్రపు శకటముగా ప్రభల తీర్థమునే చూపిరి. టీవీముందు ఇల్లంతయు కూర్చుండి యుండగా, అత్తగారు "అది కాదు, అసలుది ఇంకను పొడవు" అని సాధికారముగా సెలవిచ్చిరి. మామగారు అటు తిరిగి చూచి ఊరకుండిరి.

అటనుండి మా యింట ఏటికి రెండు మూడు మారులైనను చల్దిమూట కట్టబడుచున్నది. ఈమారు ప్రయాణము తలపెట్టినది మేము కాదు, అత్తగారే. వచ్చు మాఘమాసమున అంతర్వేది రథోత్సవమునకు పోవలెనట. అచటి పాతరథము 2020వ సంవత్సరమున అగ్నికి ఆహుతికాగా మరుసటియేట క్రొత్తది చేయించిరి. దానిని ఆమె చూడలేదు. దగ్గరిదారి వేరొకటి యున్నదని మా వారు చెప్పినను వినక, గన్నవరము మీదుగానే పోవలెనని పట్టుబట్టినారు. కారణము చెప్పలేదు, మేము అడుగలేదు. పులిహోరకు చింతపండు ఎంత నానవేయవలెనో ఇప్పటినుండియే లెక్క జరుగుచున్నది. దిబ్బరొట్టెలో పచ్చిమిరప వలదని మా ఆడుబిడ్డ ఫోనులో చెప్పినది, అత్తగారు వలెనందురు. ఆ తగవు ఇంకను తీరలేదు.